గుండె జబ్బు తరువాత జీవితం: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల రోగులు, కుటుంబసభ్యులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుండెపోటు నుంచి కోలుకున్నవారు, స్టెంట్ వేయించుకున్నవారు, బైపాస్ లేదా వాల్వ్ ఆపరేషన్ అయినవారు, గుండె బలహీనపడి మందుల మీద నడుస్తున్నవారు డిశ్చార్జి తరువాత మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. ప్రాణం నిలబడడం ఒక ఫలితం. నిలబడిన ప్రాణంతో ఆ మనిషి రోజు ఎలా గడుస్తోందన్నది మరో ఫలితం. ఈ రెండోదాని గురించి మన ఆసుపత్రుల్లో మాట్లాడుకునేది తక్కువ కనుక దానికే ఎక్కువ చోటు ఇచ్చాము. మందుల మోతాదులు, మీ శరీరానికి తగిన పరిమితులు మాత్రం మీ కార్డియాలజిస్టు నిర్ణయించవలసినవే.

ఎకో, ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ చేస్తున్నారు కదా, మళ్లీ జీవన నాణ్యతను వేరుగా కొలవడం ఎందుకు?

గుండె కండరం ఎంత బలంగా ముడుచుకుంటోందో ఎకో చెబుతుంది. ఆ మనిషి స్నానం చేసి తల తుడుచుకునేలోపే ఆయాసపడుతున్నాడా, రాత్రి మూడు దిండ్లు పెట్టుకుంటే తప్ప పడుకోలేకపోతున్నాడా, దగ్గరివాళ్ల పెళ్లికి పిలిచినా దారిలో ఏమవుతుందోనని మానేస్తున్నాడా అన్నది ఏ యంత్రమూ చెప్పదు. రోగిని అడగాలి, రోగి నిజం చెప్పాలి.

ఇందుకోసం ఎన్నో ఏళ్లుగా పరీక్షించి స్థిరపరచిన ప్రశ్నపత్రాలు ఉన్నాయి. గుండె వైఫల్యం ఉన్నవారికి వాడే మిన్నెసోటా ప్రశ్నపత్రంలో 21 ప్రశ్నలుంటాయి. స్కోరు 0 నుంచి 105 వరకు ఉంటుంది, పెరిగేకొద్దీ బాధ ఎక్కువని అర్థం. కాన్సస్ సిటీ ప్రశ్నపత్రంలో 23 అంశాలుంటాయి. అక్కడ 0 నుంచి 100 వరకు ఉండే స్కోరు పెరిగేకొద్దీ స్థితి మెరుగని అర్థం, అందులో 5 మార్కుల తేడా వచ్చినా రోగికి తెలిసేంత మార్పుగా లెక్కిస్తారు. ఛాతీనొప్పి ప్రధానంగా ఉన్నవారికి సియాటిల్ ప్రశ్నపత్రం వాడతారు. ఇలాంటి స్కోర్లు బాగాలేనివారు మళ్లీ ఆసుపత్రిలో చేరే అవకాశం, మరణించే అవకాశం కూడా ఎక్కువని అనేక అధ్యయనాల్లో తేలింది. అందువల్ల డాక్టరు "ఎలా ఉన్నారు?" అని అడిగినప్పుడు మర్యాద కోసం "బాగున్నాను సార్" అనేసి లేచి వస్తే, వైద్యానికి అవసరమైన సమాచారమే ఆయనకు అందకుండా పోతుంది.

మీ ఓపీ చీటీలో ఎన్‌వైహెచ్‌ఏ 1, 2, 3, 4 అని రాసి ఉంటే అది ఇదే విషయాన్ని క్లుప్తంగా చెప్పే కొలత. మామూలు పనులకు ఇబ్బంది లేకపోతే 1, కొంచెం ఆయాసం వస్తే 2, తేలికపాటి పనికే ఆగిపోతుంటే 3, ఊరికే కూర్చున్నా ఆయాసం ఉంటే 4.

మా నాయనకు ఎకోలో ఈఎఫ్ 35 శాతం అని వచ్చింది. గుండె మూడోవంతే పనిచేస్తోందని, ఎక్కువ కాలం బతకరని బంధువులు అంటున్నారు. నిజమేనా?

నిజం కాదు. ఎడమ జఠరికలో, అంటే ఒంటికంతటికీ రక్తాన్ని పంపే గుండె గదిలో, నిండిన రక్తంలో ఒక్కసారి గుండె కొట్టుకున్నప్పుడు ఎంత శాతం బయటికి వెళుతోందో చెప్పే లెక్కే ఈఎఫ్. పూర్తి ఆరోగ్యవంతుల్లో కూడా అది 100 ఉండదు, సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటుంది. 35 అంటే గుండె బలహీనపడిందనే అర్థం, దాన్ని తేలికగా తీసుకోకూడదు. అయితే గుండెపోటు వచ్చిన రోజుల్లో కండరంలో కొంత భాగం సొమ్మసిల్లి ఉండి, తరువాత కోలుకుంటుంది. అందుకే ఆరు వారాల నుంచి మూడు నెలల తరువాత మళ్లీ ఎకో తీసి చూస్తారు.

ఈలోగా అసలు పని చేసేవి మందులు. ఆర్నీ లేదా ఏస్ ఇన్హిబిటర్ వర్గం, బీటా బ్లాకర్, స్పైరోనోలాక్టోన్ వర్గం, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్, ఈ నాలుగు రకాలూ ఈఎఫ్ తగ్గినవారిలో మరణాలనూ, ఆసుపత్రి చేరికలనూ తగ్గిస్తాయని పెద్ద అధ్యయనాల్లో రుజువైంది. చివరి రకం మొదట షుగరు మందుగా వచ్చింది. మందుల షాపులో ఎవరో "ఇది షుగరు బిళ్ల, మీకు షుగరు లేదు కదా" అన్నారని దాన్ని పక్కన పెట్టినవారు కనిపిస్తూనే ఉంటారు. షుగరు లేకపోయినా గుండె కోసమే దాన్ని రాస్తారు, మానకండి.

ఇంకొక మాట. ఈఎఫ్ 35 ఉన్నా రోజూ అరగంట నడిచి, కొట్లో కూర్చుని బేరం చూసుకునేవారు ఉన్నారు. ఈఎఫ్ 60 ఉన్నా గుండె గోడలు బిరుసెక్కి నాలుగు మెట్లకే ఆగిపోయేవారూ ఉన్నారు. ఆ ఒక్క అంకెను చూసి మనిషి ఆయుష్షు లెక్కకట్టడం, పైగా ఆ మాట రోగి వినేలా అనడం ఎవరికీ తగదు.

స్టెంట్ వేశారు. ఇక జబ్బు పోయినట్టేనా? మందులు ఎన్నాళ్లు వాడాలి?

స్టెంట్ పూడుకుపోయిన ఆ ఒక్క చోట రక్తనాళాన్ని తెరిచి ఉంచుతుంది. నాళాల్లో కొవ్వు పేరుకునే గుణం మాత్రం మిగిలినచోట్ల అలాగే ఉంటుంది కాబట్టి మందులు జీవితాంతం ఉంటాయి. కాకపోతే వాటి సంఖ్య కాలక్రమంలో తగ్గవచ్చు.

గుండెపోటు తరువాత ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్‌ను సాధారణంగా 12 నెలలు ఇస్తారు. పన్ను పీకించుకోవాలనో, కడుపులో మంటగా ఉందనో మొదటి నెలల్లో వాటిని సొంతంగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు, అది చాలాసార్లు ప్రాణాంతకం. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు విషయంలో మరో పొరపాటు జరుగుతుంది. ల్యాబ్ కాగితంలో చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ 100 లోపు నార్మల్ అని అచ్చయి ఉంటుంది, తమకు 90 వచ్చింది కనుక మందు అక్కర్లేదనుకుంటారు. గుండెపోటు వచ్చినవారికి ఆ హద్దు వర్తించదు. వారికి కనీసం 70 లోపు, ఇప్పుడు చాలామంది నిపుణుల ప్రకారం 55 లోపు ఉండాలి.

బీడీ, సిగరెట్ మానడం ఏ బిళ్లకూ తీసిపోని చికిత్స. గుండె జబ్బు వచ్చాక పూర్తిగా మానేసినవారిలో మరణ ప్రమాదం సుమారు మూడోవంతు తగ్గుతుంది.

నాళంలో 80 శాతం అడ్డు ఉందన్నారు, అయినా స్టెంట్ వద్దు, మందులతో చూద్దామన్నారు. డబ్బు లేదని చెప్పినందుకు ఇలా అంటున్నారా?

గుండెపోటు వచ్చిన స్థితి వేరు, స్థిరంగా ఉన్న జబ్బు వేరు. గుండెపోటులో నాళాన్ని వెంటనే తెరవడం ప్రాణం కాపాడుతుంది. స్థిరంగా ఉన్న జబ్బులో మాత్రం, 2007లో వెలువడిన కరేజ్ అధ్యయనం గానీ, 5,179 మందితో జరిగి 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనం గానీ, మంచి మందులకు తోడు స్టెంట్ లేదా బైపాస్ చేసినందువల్ల మరణాలు తగ్గినట్టు చూపలేదు. ఇస్కీమియాలో మన దేశపు రోగులు కూడా ఉన్నారు.

అయితే ఆ అధ్యయనంలోనే జీవన నాణ్యత గురించి ఒక ముఖ్యమైన విషయం తేలింది. తరచుగా ఛాతీనొప్పి వస్తున్నవారికి స్టెంట్ లేదా బైపాస్ వల్ల నొప్పి బాగా తగ్గి జీవితం మెరుగైంది. నొప్పి లేనివారికి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కనుక నడిస్తే నొప్పి వస్తోందా, వారానికి ఎన్నిసార్లు, ఏ పని ఆపుకుంటున్నారు అన్న మీ జవాబులే ఇక్కడ నిర్ణయాన్ని మార్చగలవు. ఎడమ ప్రధాన నాళంలో అడ్డు ఉన్నవారికీ, ఈఎఫ్ బాగా తగ్గినవారికీ ఈ మాట వర్తించదు.

ఇంటికి వచ్చాక ఎన్నాళ్లు మంచం మీద ఉండాలి? నడిస్తే మళ్లీ గుండెపోటు వస్తుందా?

మంచం మీద ఉండవలసిన పని లేదు. ప్రేమతోనే అయినా, ఇంటివాళ్లు నీళ్ల గ్లాసు కూడా చేతికందిస్తూ నెలల తరబడి కూర్చోబెట్టడం వల్ల కండరాలు కరిగిపోతాయి, ఆయాసం పెరుగుతుంది, భయం స్థిరపడుతుంది. ఆ ఆయాసాన్ని చూసి జబ్బు ముదిరిందని మళ్లీ కూర్చోబెడతారు. మేము ఎక్కువగా బాధపడేది ఈ విషయంలోనే.

డాక్టరు అనుమతించాక చదునైన చోట రోజుకు రెండుసార్లు ఐదు, పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, ఆరు వారాల్లో అరగంటకు చేరుకోవడం మామూలు పద్ధతి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోయినా ఫరవాలేదు; మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలోని రోడ్లు, పల్లెల్లో చెరువు కట్టలు ఇందుకు అనువైనవి. ఏప్రిల్, మే నెలల్లో సూర్యోదయానికి ముందే ముగించండి. మూత్రం ఎక్కువగా వచ్చే మందులు వాడేవారికి మన ఎండలో బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

పర్యవేక్షణలో జరిగే ఇలాంటి వ్యాయామం, సలహాల కార్యక్రమాన్ని కార్డియాక్ రిహాబిలిటేషన్ అంటారు. అది మన దగ్గర అందరికీ అందుబాటులో లేదు. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో జరిగి 2020లో ప్రచురితమైన యోగా కేర్ అధ్యయనంలో, 12 వారాల యోగా శిక్షణ పొందినవారు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందని చెప్పారు, గుండెపోటుకు ముందు చేసే పనులకు ఎక్కువగా తిరిగి వెళ్లగలిగారు. మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్లలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. కాబట్టి యోగా చేయండి, దాని పేరు చెప్పి బిళ్లలు మాత్రం మానకండి. ఊపిరి బిగబట్టే ప్రక్రియలు, తలకిందుల ఆసనాలు వద్దు.

కాలినడకన తిరుమల వస్తామని మొక్కుకున్నాము. ఎప్పుడు ఎక్కవచ్చు?

ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి మొక్కుకోని కుటుంబం ఈ ప్రాంతంలో అరుదు, అందువల్ల ఈ ప్రశ్నకు నింపాదిగా జవాబు చెప్పాలి. అలిపిరి మార్గంలో సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్ల దూరం. శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు, రెండు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. రెండోది దగ్గరని చాలామంది అటు మొగ్గుతారు గానీ, తక్కువ దూరంలో అంత ఎత్తు ఎక్కవలసి రావడం వల్ల గుండె మీద భారం అక్కడ ఒక్కసారిగా పడుతుంది. అలిపిరి నుంచి గాలిగోపురం వరకు కూడా నిట్టనిలువుగానే ఉంటుంది. గుండె జబ్బు, బీపీ, ఉబ్బసం ఉన్నవారు నడకదారిన రావద్దని తిరుమల తిరుపతి దేవస్థానమే సూచిస్తోంది. మెట్లదారిలో భక్తులు గుండెపోటుతో కుప్పకూలిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాము.

గుండెపోటు, బైపాస్ తరువాతి మొదటి నెలల్లోనూ, ఈఎఫ్ తగ్గినవారికీ, నడిస్తే నొప్పి వచ్చేవారికీ మా జవాబు వద్దనే. ఏడాది గడిచి, రోజూ ఆయాసం లేకుండా నడుస్తూ, ట్రెడ్‌మిల్ పరీక్ష బాగున్నవారు కూడా తమ డాక్టరు స్పష్టంగా సరేనంటేనే ఆలోచించాలి. మొక్కు ఉన్న ఇళ్లలో కొడుకో కూతురో నడిచి రాగా, రోగి బస్సులో కొండకు చేరి వారిని కలుసుకుని కలిసి దర్శనానికి వెళుతున్నారు. ఇది మంచి పద్ధతి. క్యూలో గంటల తరబడి ఉండవలసి రావచ్చు కనుక ఆ పూట బిళ్లలు, నాలుక కింద పెట్టుకునే బిళ్ల, పాత డిశ్చార్జి కాగితం జేబులోనే ఉండాలి. గదిలో వదిలిన సంచిలో ఉంటే ఉపయోగం లేదు.

సంకటి తినవచ్చా? ఊరగాయ పూర్తిగా మానాలా?

రాగి సంకటి తినవచ్చు. షుగరు ఉంటే ముద్ద పరిమాణం తగ్గించి, పక్కన కూర, పప్పు, ఆకుకూర పెంచండి. సమస్య ముద్దలో కంటే దానికి తోడుగా వచ్చేవాటిలో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం రోజంతటికీ మనిషికి ఉప్పు 5 గ్రాములకు, అంటే సుమారు ఒక చిన్న చెంచాకు, మించకూడదు. ఊరగాయ, అప్పడం, వడియాలు, మజ్జిగ మిరపకాయలు, ఎండుచేపలు ఒక పూటలోనే ఆ హద్దును దాటిస్తాయి. మామిడికాయ ఊరగాయ పెట్టని ఇల్లు చిత్తూరు జిల్లాలో ఉండదు. గుండె వైఫల్యం ఉన్నవారికి మాత్రం దాన్ని ఎదురుగా పెట్టకపోవడమే ఇంటివాళ్లు చేయగల మేలు.

వేరుశనగలు ఉప్పు లేకుండా ఉడికించినవో వేయించినవో గుప్పెడు తినవచ్చు. ఏ నూనె మంచిదన్న చర్చ కంటే, మనిషికి నెలకు అరలీటరు దాటకుండా చూసుకోవడం ముఖ్యం. బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవారు, కిడ్నీ సమస్య ఉన్నవారు దాన్నీ, ఎక్కువగా కొబ్బరినీళ్లనూ డాక్టరును అడగకుండా వాడకూడదు.

గుండె వైఫల్యం ఉన్నవారు రోజూ బరువు ఎందుకు చూసుకోవాలి?

ఒంట్లో నీరు చేరుతున్న సంగతి ఆయాసం కంటే ముందు బరువు చెబుతుంది. ఉదయం మూత్రవిసర్జన తరువాత, టిఫినుకు ముందు, ఒకే రకమైన పలుచని బట్టలతో చూసి, పాత క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాయండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే రివ్యూ తేదీ కోసం ఆగకుండా ఆసుపత్రికి ఫోను చేయాలి. మడమ పైన బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కి తీస్తే గుంట అలాగే నిలబడిపోవడం, రాత్రి అర్ధాంతరంగా లేచి కూర్చోవలసి రావడం కూడా అదే హెచ్చరిక. ఇలా ముందే గమనించినప్పుడు చాలాసార్లు ఒక బిళ్ల మోతాదు మార్చడంతో సరిపోతుంది; గమనించకపోతే ఐసీయూ వరకు వెళుతుంది.

మా ఆయన గుండెపోటు తరువాత ఎవరితోనూ మాట్లాడడం లేదు, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. మందుల ప్రభావమా?

కావచ్చు, కానీ అంతకంటే ఎక్కువగా దిగులు అయ్యే అవకాశం ఉంది. గుండెపోటు వచ్చినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి చికిత్స అవసరమైనంత డిప్రెషన్ వస్తుంది. అది ఉన్నవారిలో మళ్లీ ఆసుపత్రిపాలయ్యేవారూ, మరణించేవారూ ఎక్కువ. మందులు మరిచిపోవడం, నడక మానేయడం అందుకు కొంత కారణం. "మగవాడివి, ధైర్యంగా ఉండు" అని చెప్పడం వల్ల ఆయన నోరు ఇంకా మూసుకుపోతుంది.

రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఇక బతికి ప్రయోజనం లేదనడం, చిన్న కలుక్కుమన్నా ఛాతీ పట్టుకుని కూర్చోవడం గమనిస్తే కార్డియాలజిస్టుకు మీరే చెప్పండి. గుండె రోగులకు ఇవ్వదగిన సురక్షితమైన మందులు ఉన్నాయి, కౌన్సెలింగ్ కూడా పనిచేస్తుంది. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మీ నిద్ర కూడా చూసుకోండి. ఆయన ఊపిరి వినడానికి మీరు రాత్రంతా మేలుకుని ఉంటే మూడో నెలకు మీరే పేషెంటు అవుతారు.

దాంపత్య జీవితం గురించి అడగడానికి సిగ్గుగా ఉంది.

సిగ్గుపడవలసినది కాదు, డాక్టరు తానుగా చెప్పవలసిన విషయం. రెండు అంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులు వాడేవారు అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ వంటి బిళ్లలను ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

పనికి ఎప్పుడు వెళ్లవచ్చు?

కూర్చుని చేసే పని అయితే, చిక్కులు లేని గుండెపోటు తరువాత కొన్ని వారాల్లోనే వెళ్లవచ్చు. బైపాస్‌లో కోసిన రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకు నీళ్ల బిందె, గడ్డిమోపు, గ్యాస్ సిలిండరు ఎత్తకూడదు, స్కూటరు నడపకూడదు, చేత్తో పాలు పితకకూడదు. బరువులు మోసేవారు, ఘాట్ రోడ్డు మీద బండి నడిపేవారు ట్రెడ్‌మిల్ పరీక్ష తరువాతే తిరిగి చేరాలి. ఆదాయం ఆగిపోయిన ఇంట్లో ఏ రోగికీ మనసు కుదుటపడదు కాబట్టి, పని మానమని చెప్పడం కంటే పని మార్చుకోవడం ఎలాగో మాట్లాడడం మేలు.

మా అమ్మకు బైపాస్ అయింది. ఏమీ బాధ లేదంటుంది, పదిహేను రోజులకే వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆడవాళ్లలో గుండెపోటు చాలాసార్లు దవడ, వీపు నొప్పిగా, వాంతిగా, అంతుపట్టని నీరసంగా వస్తుంది. గ్యాస్ అనుకుని ఆలస్యంగా వస్తారు, ఆ ఆలస్యం ఫలితం మీద పడుతుంది. ఆపరేషన్ తరువాత కూడా తమ బాధను వారు తక్కువ చేసి చెబుతారు. "నొప్పి ఉందా?" అని అడిగితే లేదంటారు. "పిండి రుబ్బితే ఆయాసం వస్తోందా, మిద్దె మీదికి బట్టలు ఆరేయడానికి వెళ్లి మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నావు?" అని అడగండి. ఇల్లు ఊడ్చే పని ఎలాగూ చేస్తోంది కాబట్టి నడక అక్కర్లేదని అనుకోకండి, ఆమెకు కూడా రోజూ తనదైన అరగంట కావాలి.

వాల్వ్ మార్చారు, రక్తం గడ్డకట్టకుండా అసిట్రోం వాడుతున్నాము. ఆకుకూరలు మానాలా?

మానవద్దు. ఒక వారం అసలు తినకుండా మరో వారం రోజూ తోటకూర, గోంగూర తినడం వల్ల ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చెప్పే కొలత) తారుమారవుతుంది. ప్రతి వారం దాదాపు ఒకే కొలతలో తినండి. లోహపు వాల్వ్ ఉన్నవారికి ఐఎన్ఆర్ సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ వాల్వ్ అయితే 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. మోకాళ్ల నొప్పికని షాపులో కొన్న బిళ్లలు, నాటుమందులు రక్తస్రావం తెప్పించగలవు. పంటి చికిత్సకు ముందు యాంటీబయోటిక్ అవసరం. పిల్లలు కావాలనుకునే యువతులు గర్భం రాకముందే డాక్టరును కలవాలి, అసిట్రోం గర్భస్థ శిశువుకు హాని చేయగలదు.

ఖర్చు భరించలేక మందులు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాము.

అలా చేయకండి, చెప్పండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద అర్హులకు అనేక గుండె చికిత్సలు ఉచితం. స్విమ్స్, రుయా వంటి ఆసుపత్రుల్లో పథకం కౌంటరు దగ్గర అడగండి. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న పిల్లలకు తిరుపతిలో 2021 అక్టోబరులో ప్రారంభమైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. నెలనెలా వాడే బిళ్లలను జన్ ఔషధి కేంద్రాల్లో అడిగితే ఖర్చు బాగా తగ్గుతుంది.

మళ్లీ నొప్పి వస్తే ఏమి చేయాలి?

చేస్తున్న పని ఆపి కూర్చోండి. డాక్టరు రాసి ఇచ్చి ఉంటే నాలుక కింద ఒక బిళ్ల పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయండి. స్కూటరు మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్లవద్దు. పలమనేరు, పుంగనూరు వైపు నుంచి తిరుపతికో వేలూరుకో బెంగళూరుకో నేరుగా బయలుదేరి రెండు మూడు గంటలు దారిలో పోగొట్టుకునే బదులు, ముందు దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీయించండి. రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ జరిగే అవకాశం లేనప్పుడు, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను అక్కడే ఇచ్చి తరువాత పెద్దాసుపత్రికి పంపడం సరైన పద్ధతి. నొప్పి మొదలైన 12 గంటల లోపు అది పనిచేస్తుంది గానీ, మొదటి గంటల్లో ఇచ్చిన దానికి వచ్చే ఫలితం తరువాత రాదు.

రివ్యూకు వెళ్లినప్పుడు ఐదు నిమిషాలు కూడా దొరకడం లేదు. ఏమి చెప్పాలి?

రాసుకుని వెళ్లండి. పోయిన నెల చేయగలిగి ఈ నెల చేయలేకపోతున్న పని ఒకటి, రాత్రి ఎన్ని దిండ్లు, బరువు రాసిన క్యాలెండరు కాగితం, మానేసిన బిళ్ల ఏదైనా ఉంటే దాని పేరు, మానడానికి కారణం. వాడుతున్న మందుల అట్టలన్నీ ఒక కవరులో వేసుకుని వెళ్లండి, నాటుమందు ఉంటే దాన్ని కూడా. మీకు ఏది తిరిగి చేయగలిగితే చాలనిపిస్తుందో, మనవడిని బడికి నడిపించుకుని వెళ్లడమైనా, మడిలో నీళ్లు కట్టడమైనా, దాన్ని డాక్టరుకు చెప్పండి. మందుల మోతాదు, తరువాతి పరీక్ష ఆ లక్ష్యాన్ని బట్టి నిర్ణయించడానికి వీలవుతుంది.